ముందు చిల్లర పరవండి, ఎక్స్ సంగతి తర్వాత

ప్రశ్న: నేను తెనాలిలో బ్యాంకు క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను. ఆరు నెలలు ఉందామని మా అమ్మాయి దగ్గరికి, డల్లాస్ పక్కన ఫ్రిస్కోకి వచ్చాం. మనవడు నాలుగో తరగతి. స్కూల్లో మ్యాథ్ క్లబ్‌లో చేరాడు. మార్చిలో మ్యాథ్ కంగారూ అనే లెక్కల పోటీ కూడా రాస్తాడట. కూడికలు, ఎక్కాలు బాగానే వచ్చు. కానీ నాణేల లెక్క గానీ, 'ఒక సంఖ్య అనుకున్నాను' అనే లెక్క గానీ వస్తే పెన్సిల్ కింద పెట్టేస్తాడు. మొన్న వచ్చిన లెక్క ఇది: 'నికెల్స్, డైమ్స్ కలిపి 12 నాణేలున్నాయి. మొత్తం 95 సెంట్లు. ఏవి ఎన్ని?' నికెల్ అంటే 5 సెంట్లు, డైమ్ అంటే 10. నేను ఎక్స్, వై అనుకుని రెండు సమీకరణాలు రాసి చూపించాను. వాడు 'తాతయ్యా, ఎక్స్ అంటే ఏంటి?' అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఇప్పటినుంచే బీజగణితం నేర్పాలా? వేరే దారి ఏమైనా ఉందా?

జవాబు: నమస్కారమండీ. బీజగణితం ఇప్పుడు వద్దు. వాడికి రాదని కాదు, నాలుగు రోజులు కూర్చోబెడితే వస్తుంది. కానీ ఈ లెక్కల్లో వాడు నేర్చుకోవాల్సింది ఏదో అది నేర్చుకోకుండానే ఎక్స్ దాటించేస్తుంది. ఇంకో సంగతి, ఈ పని మీకంటే బాగా చేయగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఉండరు. ముప్పై ఏళ్ళు చిల్లర లెక్కపెట్టిన చేతులు మీవి.

మీరు రాసిన లెక్కతోనే మొదలుపెడదాం. రాత్రి భోజనాలయ్యాక టేబుల్ మీద 12 నికెల్స్ వరసగా పరవండి. ఇంట్లో అన్ని ఉండవేమో. ఈ రోజుల్లో అక్కడైనా ఇక్కడైనా ఇళ్ళల్లో చిల్లర ఎక్కడ కనిపిస్తోంది? దగ్గర్లో ఉన్న బ్యాంకుకి వెళ్ళి కాగితం చుట్టలు అడగండి. నికెల్స్ 40 ఒక చుట్ట, 2 డాలర్లు. డైమ్స్ 50 ఒక చుట్ట, 5 డాలర్లు. వెళ్ళేటప్పుడు మనవణ్ణి కూడా తీసుకెళ్ళండి. ఆ చుట్టల మీదే ఒక లెక్క ఉంది: నికెల్ చుట్టలో 40 ఉండి 2 డాలర్లే, డైమ్ చుట్టలో పది మాత్రమే ఎక్కువ ఉండి 5 డాలర్లెలా అయింది? ఇంటికొచ్చే దారిలో వాడే చెప్తాడు.

సరే, టేబుల్ మీద 12 నికెల్స్ ఉన్నాయి. ఇప్పుడు అడగండి.

'నాణేలు ఎన్ని?' పన్నెండు. 'డబ్బు ఎంత?' అరవై సెంట్లు. 'మనకు కావాల్సింది?' తొంభై అయిదు. 'ఎంత తక్కువైంది?' ముప్పై అయిదు.

ఇప్పుడు ఒక నికెల్ తీసేసి దాని చోట ఒక డైమ్ పెట్టమనండి. మళ్ళీ అవే ప్రశ్నలు. నాణేలు ఎన్ని? పన్నెండే. డబ్బు ఎంత? అరవై అయిదు. ఈ చోట కాసేపు ఆగండి, తొందరపడి ముందుకు పోవద్దు. ఎన్ని అన్నది మారలేదు, ఎంత అన్నది మాత్రం అయిదు పెరిగింది. ఈ ఒక్క ముక్క వాడి కళ్ళ ముందు జరగాలి. తర్వాత ఇంకొకటి మార్చమనండి, ఇంకొకటి. మూడోదో నాలుగోదో మార్చేసరికి వాడే చెయ్యి ఆపి, 'ఒక్కోటికీ అయిదు పెరుగుతుంటే ముప్పై అయిదుకి ఏడు మార్చాలి' అనేస్తాడు. అంటే డైమ్స్ 7, నికెల్స్ 5. సరిచూడమనండి: 70, 25, మొత్తం 95. వాడు అలా అనకపోయినా మీరు అందించొద్దు. ఏడూ ఒక్కొక్కటిగా మార్చనివ్వండి. మర్నాడు రెండోవైపు నుంచి రండి. ఈసారి 12 డైమ్స్ పరిచి మొదలుపెట్టాలి. 120 సెంట్లు, 25 ఎక్కువైంది, కాబట్టి అయిదు డైమ్స్ తీసి నికెల్స్ పెట్టాలి. అదే జవాబు వచ్చిందని వాడు ఆశ్చర్యపోతే మీ సగం పని అయిపోయినట్టే.

మన తెలుగులో ఈ లెక్కలకు సరిపోయే రెండు మాటలున్నాయి, ఎన్ని, ఎంత. పిల్లలు నాణేల లెక్కలో తడబడేది తొంభై శాతం ఇక్కడేనని నా అనుభవం. 12 అన్నదీ 95 అన్నదీ వాళ్ళకు రెండు అంకెలుగానే కనబడతాయి, కనబడగానే కూడనో భాగించనో మొదలుపెడతారు. అందుకని ఏ నాణేల లెక్కకైనా ముందు కాగితం మధ్యలో ఒక గీత గీయించండి. ఎడమవైపు 'ఎన్ని', కుడివైపు 'ఎంత'. లెక్కలో వచ్చిన ప్రతి అంకె ఏ వైపుదో తేల్చి అక్కడ రాయాలి. వాడికి తెలుగు రాయడం రాకపోతే మీరు రాసిపెట్టండి, ఆ వంకన రెండు తెలుగు మాటలు కూడా వస్తాయి.

అక్కడి పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. డైమ్ విలువ నికెల్‌కి రెట్టింపు, కానీ చూడటానికి డైమే చిన్నది. నికెల్ అడ్డంగా 21 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది, డైమ్ 18కి కాస్త లోపే. పూర్వం డైమ్‌ను వెండితో చేసేవారు, 1964 వరకూ అలాగే సాగింది. పది సెంట్ల వెండి అంటే అంతే మరి. వెండి పోయినా సైజు మారలేదు. ఈ కథ మనవడికి చెప్పండి. పెద్దదానికి పెద్ద విలువ అని కళ్ళు చెప్పే మాట నమ్మకూడదని గుర్తుంటుంది. క్వార్టర్‌ని మాత్రం పావలా అని పరిచయం చేయండి. డాలర్‌లో నాలుగో వంతు, మన పావలా రూపాయిలో నాలుగో వంతు, మాటకు మాట సరిపోయింది. మన పావలా 2011 జూన్ ఆఖరుతో చెలామణీ లోంచి పోయింది, వాళ్ళ పావలా ఇంకా జేబుల్లో ఉంది.

ఎక్స్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. నేను అయిదో తరగతికి లెక్కలు చెప్పే రోజుల్లో చురుకైన అమ్మాయి ఒకతి ఉండేది. చురుకైనది కదా అని నేనే తొందరపడి ఎక్స్ నేర్పాను. ఒకరోజు ఇచ్చిన లెక్క: రెండు రూపాయల బిళ్ళలు, అయిదు రూపాయల బిళ్ళలు కలిపి 20, మొత్తం 61 రూపాయలు. సమీకరణం తప్పు లేకుండా రాసింది. ఆఖర్లో నూటిలోంచి అరవై ఒకటి తీసేటప్పుడు 39కి బదులు 49 వేసింది. మూడుతో భాగించి, రెండు రూపాయల బిళ్ళలు పదహారూ మూడింట ఒక వంతు అని రాసి, కింద రెండు గీతలు గీసి తెచ్చి చూపించింది. తీసివేతలో తప్పు ఎవరికైనా వస్తుంది, దానికి నేను బాధపడలేదు. బిళ్ళలో మూడో వంతు ఉండదన్న సంగతి ఆ పిల్లకు తట్టకపోవడం మాత్రం ఇప్పటికీ మనసులో ఉండిపోయింది. ఆమె చేతిలో ఎక్స్ ఉంది, బిళ్ళలు లేవు. ఆ పొరపాటు నాది. అన్నీ రెండు రూపాయల బిళ్ళలే అనుకుంటే 40, ఇంకా 21 కావాలి, ఒక్కో మార్పుకి 3 పెరుగుతుంది, కాబట్టి ఏడు అయిదులు, పదమూడు రెండ్లు. ఇలా చేసిన పిల్ల ముక్క బిళ్ళను ఎప్పటికీ రాయదు.

ఈ మార్పిడి పద్ధతి పట్టుబడ్డాక మీ వృత్తి పద్ధతిలోకి రండి, అంటే కట్టలు కట్టడం. పోటీల్లో ఇలా అడుగుతారు: 'నికెల్స్ ఎన్ని ఉన్నాయో డైమ్స్ వాటికి రెట్టింపు ఉన్నాయి. మొత్తం 1 డాలరు 75 సెంట్లు.' ఇందులో నాణేలు ఎన్నో చెప్పలేదు కదా అని పిల్లలు చేతులెత్తేస్తారు. ఒక నికెల్, రెండు డైమ్స్ కలిపి ఒక కట్ట కట్టమనండి. కట్ట విలువ 25 సెంట్లు. 175లో ఇలాంటి కట్టలు ఏడు. నికెల్స్ 7, డైమ్స్ 14. అంతే. 'నికెల్స్ కంటే డైమ్స్ మూడు ఎక్కువ, మొత్తం 1 డాలరు 20 సెంట్లు' అని అడిగితే, ఎక్కువగా ఉన్న ఆ మూడు డైమ్స్‌నీ ముందు పక్కకు జరపాలి. 90 సెంట్లు మిగిలాయి. ఇప్పుడు రెండు రకాలూ సమానం, ఒక జత 15 సెంట్లు, జతలు 6. పక్కన పెట్టినవి మళ్ళీ కలిపితే నికెల్స్ 6, డైమ్స్ 9. 'రెట్టింపు' అంటే కట్ట కట్టాలి, 'ఇన్ని ఎక్కువ' అంటే పక్కన పెట్టాలి. ఈ రెండు మాటల తేడా తెలిస్తే చాలు, పోటీల్లో వచ్చే నాణేల లెక్కలు చాలామటుకు లొంగుతాయి.

'ఎన్ని రకాలుగా' అనే ప్రశ్న ఇంకో రకం. ఒక పావలాను, అంటే 25 సెంట్లను, డైమ్స్, నికెల్స్, పెన్నీలతో (పెన్నీ అంటే ఒక సెంటు) ఎన్ని రకాలుగా చిల్లర చేయవచ్చు? పిల్లలు తోచిన వరసలో రాసుకుంటూ పోతారు. కొన్ని రెండుసార్లు పడతాయి, కొన్ని జారిపోతాయి. ఇక్కడ కావాల్సింది క్రమం. ఎప్పుడూ పెద్ద నాణెంతో మొదలుపెట్టాలి. డైమ్స్ రెండు పెడితే 5 సెంట్లు మిగులుతాయి, అందులో నికెల్ ఒకటి ఉండొచ్చు, లేకపోవచ్చు, అంటే 2 రకాలు. డైమ్ ఒక్కటే పెడితే 15 మిగులుతాయి, నికెల్స్ సున్నా నుంచి మూడు దాకా, 4 రకాలు. డైమ్స్ అసలు లేకపోతే నికెల్స్ సున్నా నుంచి అయిదు దాకా, 6 రకాలు. మొత్తం 12. పెన్నీలను లెక్కపెట్టనే లేదు చూడండి. మిగతావి కుదిరాక మిగిలిన సెంట్లన్నీ పెన్నీలే కదా, వాటికి వేరే దారి లేదు. ఈ మాట వాడి నోటితో వచ్చేదాకా ఆగండి. అన్నట్టు, అమెరికా టంకశాల 2025 నవంబరులో చెలామణీకి పెన్నీలు చేయడం ఆపేసింది. అయినా లెక్కల పుస్తకాల్లో మాత్రం అవి ఇంకా చాలాకాలం ఉంటాయి, మన పుస్తకాల్లో పావలా ఉన్నట్టే. ఒక డాలరుకి చిల్లర ఎన్ని రకాలని వాడు అడిగితే, అర డాలరు నాణెంతో కలిపి 292 అని చెప్పి వదిలేయండి. అది ఇప్పుడే చేయించాల్సిన లెక్క కాదు.

'అతి తక్కువ నాణేలతో' అని అడిగినప్పుడు ఒక గొయ్యి ఉంటుంది. క్యాషియర్లుగా మీరంతా చేసే పనే పిల్లలూ చేస్తారు: ఎంత పెద్దది పడితే అంత పెద్దది ముందు తీయడం. మామూలుగా అది సరైనదే. కానీ ప్రశ్నలో 'గల్లాపెట్టెలో నికెల్స్ అయిపోయాయి, 30 సెంట్లు ఇవ్వాలి' అని ఉందనుకోండి. పావలాతో మొదలుపెడితే ఒక పావలా, అయిదు పెన్నీలు, మొత్తం ఆరు నాణేలు. పావలా జోలికి పోకపోతే మూడు డైమ్స్‌తో సరి. ఇది వాడిచేతే కనుక్కోనివ్వండి. గల్లాపెట్టెలో మీరు ఎన్నోసార్లు ఎదుర్కొన్న పరిస్థితే ఇది, ఆ కథలు కూడా చెప్పండి. పిల్లలు తాతల ఉద్యోగం కథలు వినరని అనుకుంటాం గానీ లెక్క కలిస్తే బాగా వింటారు.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైనది. 'పెన్నీలు, నికెల్స్, పావలాలు మాత్రమే ఉన్న 10 నాణేలతో 99 సెంట్లు చేయగలమా?' వాణ్ణి అరగంట ప్రయత్నించనివ్వండి. కుదరదు. తర్వాత 1, 5, 25 రాసి, వీటిలో సరిసంఖ్య ఏదైనా ఉందా అని అడగండి. అన్నీ బేసే. రెండు బేసి సంఖ్యలు కలిస్తే సరి. పది నాణేలంటే అయిదు జతలు, ఎలా ఏరినా మొత్తం సరిసంఖ్యే వస్తుంది. 99 ఎన్నటికీ రాదు. 'చేయలేకపోయాను' అన్నది వేరు, 'ఎవరూ చేయలేరు, ఎందుకంటే' అన్నది వేరు. ఆ తేడా రుచి చూసిన పిల్లవాడు లెక్కలను వదలడు.

ఇక 'ఒక సంఖ్య అనుకున్నాను' లెక్కలు. వీటిని వేరే పాఠంగా మొదలుపెట్టకండి, అవే నాణేలతో చెప్పండి. సంఖ్య అంటేనే చిల్లర. 36 అంటే మూడు పది రూపాయల నోట్లు, ఆరు రూపాయి బిళ్ళలు. అక్కడైతే మూడు డైమ్స్, ఆరు పెన్నీలు. ఈ లెక్క చూడండి: 'ఒక రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 9. అంకెలు తారుమారు చేస్తే సంఖ్య 27 పెరుగుతుంది.' దీనికి పెద్దవాళ్ళు రెండు సమీకరణాలు రాస్తారు. మీరు టేబుల్ మీద మూడు డైమ్స్, ఆరు పెన్నీలు పెట్టి తారుమారు చేయించండి, ఆరు డైమ్స్, మూడు పెన్నీలు వస్తాయి. జరిగిందేమిటి? మూడు పెన్నీల చోటికి మూడు డైమ్స్ వచ్చాయి. ఒక్కో మార్పుకి 9 పెరిగింది. మొదటి రోజు చేసిన మార్పిడే ఇది! కాబట్టి 27 పెరిగిందంటే అంకెల మధ్య తేడా 3. మొత్తం 9, తేడా 3 ఉన్న అంకెలు 3, 6. సంఖ్య 36. తారుమారు చేసినప్పుడు వచ్చే తేడా ఎప్పుడూ 9 ఎక్కంలోనే ఎందుకుంటుందో కూడా దీంతోనే తేలిపోయింది. పెద్ద తరగతుల్లో చాలామంది పిల్లలు దీన్ని సూత్రంలా బట్టీ పడతారు. మీ మనవడు చేత్తో పట్టుకుని చూస్తాడు.

'మూడుతో గుణించి 7 కలిపితే 52 వచ్చింది' లాంటివి వెనక్కి నడిస్తే చాలు: 52 లోంచి 7 తీస్తే 45, మూడుతో భాగిస్తే 15. వరుస సంఖ్యల లెక్కలకు మధ్య సంఖ్యను పట్టుకోవాలి, మూడు వరుస సంఖ్యల మొత్తం 72 అంటే మధ్యది 24. వీటి మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు.

భిన్నాలు వచ్చినచోట మాత్రం మన పాత పద్ధతి ఒకటి పనికొస్తుంది. 'ఒక సంఖ్యలో సగం, మూడో వంతు కలిపితే 35. ఆ సంఖ్య ఏది?' సగానికీ మూడో వంతుకీ అనువుగా ఉండే సంఖ్య ఏదో ఒకటి ఊరికే అనుకోవాలి, 6 అనుకుందాం. సగం 3, మూడో వంతు 2, మొత్తం 5. కావాల్సింది 35, అంటే ఏడు రెట్లు. కాబట్టి ఆరుకి ఏడు రెట్లు, 42. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో లీలావతిలో దీన్ని ఇష్టకర్మ అన్నాడు. మనకు ఇష్టమైన సంఖ్య అనుకుని, తర్వాత సరిదిద్దుకోవడం. తప్పు జవాబుతో ధైర్యంగా మొదలుపెట్టి అది ఎంత తప్పో చూసి దిద్దుకోవచ్చని పిల్లలకు ఎవరూ చెప్పరు. టేబుల్ మీద 12 నికెల్స్ పరిచినప్పుడు మీరు చేసిందీ అలాంటిదే. డబ్బుతో లెక్కలు వేయడం మనకు కొత్తేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు 100 పణాలకు (అప్పటి నాణేలు) రకరకాల పక్షులు 100 కొనమని లెక్క ఇచ్చాడు. ఆయన గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఈ మాట మనవడికి చెప్పండి. ఈ లెక్కలు వాళ్ళ స్కూలు పుస్తకంలోనే పుట్టలేదని తెలుస్తుంది.

పరీక్ష సంగతి రెండు ముక్కలు. మ్యాథ్ కంగారూలో నాలుగో తరగతివాళ్ళకు 75 నిమిషాల్లో 24 ప్రశ్నలు. మొదటివి మూడేసి పాయింట్లు, మధ్యవి నాలుగేసి, చివరివి అయిదేసి. అమెరికాలో తప్పు జవాబుకి పాయింట్లు కోయరు, కాబట్టి దేన్నీ ఖాళీగా వదలొద్దని చెప్పండి. క్లబ్ వాళ్ళు రాయించేది మోయమ్స్ అనే లెక్కల ఒలింపియాడ్ అయితే ఒక్కో పోటీలో అయిదే లెక్కలు, ఆప్షన్లు ఉండవు, చివరి జవాబు సరిగ్గా ఉంటేనే పాయింటు. అందుకని ఆఖరి వాక్యం కింద గీత గీయించండి. డైమ్స్ ఎన్ని అని అడిగారా, డైమ్స్ విలువ ఎంత అని అడిగారా, నికెల్స్ కంటే ఎన్ని ఎక్కువ అని అడిగారా? లెక్కంతా సరిగ్గా చేసి 7 అని రాయాల్సినచోట 5 రాసి వచ్చే పిల్లలను నేను ప్రతి ఏడాదీ చూశాను. పాపం, ఇంటికొచ్చి ఏడుస్తారు. ఎన్ని, ఎంత గీత ఇక్కడ కూడా కాపాడుతుంది.

మూడు నాలుగు వారాలయ్యాక నాణేలు టేబుల్ మీద నుంచి కాగితం మీదికి రావాలి. ముందు నాణేల బొమ్మలు, ఆ తర్వాత 'ని', 'డై' అనే అక్షరాలు. ఒకరోజు వాడే విసుక్కుని 'ఇన్ని బొమ్మలు గీయడం ఎందుకు, ఒక డబ్బా గీసి అందులో ఎన్నున్నాయో తెలియదు అనుకుందాం' అంటాడు. అప్పుడు ఆ డబ్బా పేరే ఎక్స్ అని చెప్పండి. 'ఎక్స్ అంటే ఏంటి' అని వాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రోజు ఇవ్వొచ్చు.

ఈలోగా వారానికి ఒక రాత్రి లెక్క అడిగే పని వాడికి ఇవ్వండి, చేసే పని మీరు తీసుకోండి. వాడు నాణేలు గుప్పిట్లో దాచుకుని ఎన్నో, ఎంతో రెండే చెప్పాలి. మొదట్లో గుప్పిట్లో ఏమీ పెట్టుకోకుండానే నోటికొచ్చిన అంకెలు చెప్తాడు, '12 నాణేలు, నికెల్స్, డైమ్సే, 50 సెంట్లు' అని. తప్పు పట్టకండి. పన్నెండూ నికెల్సే అయినా 60 అవుతుంది కదరా, మరి 50 ఎలా వచ్చిందో పరిచి చూపించమనండి. ఆ తర్వాత 12 నాణేలతో ఏయే మొత్తాలు వస్తాయో వాడిచేతే జాబితా రాయించండి. 60 నుంచి 120 దాకా అయిదేసి చొప్పున పదమూడు వస్తాయి. పన్నెండు నాణేలకు పన్నెండు కాకుండా పదమూడెందుకు వచ్చాయని వాడు అడిగితే, ఏం చెప్పారో నాకు తప్పకుండా రాయండి.